చదవకుండా వదిలిన ఐదు లైన్లు

నేను పనిలో చేరేనాటికి మా ఆఫీసు శంషాబాద్ పాత రోడ్డు మీద, ఒక టైర్ల దుకాణం పైన, మూడు గదుల్లో ఉండేది. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చలి ఎంత ఉందో కనిపెట్టి తెర మీద చూపించే పెట్టెలు తయారుచేసేవాళ్లం. విమానాశ్రయం చుట్టుపక్కల పూలు, పండ్లు, మందులు విమానం ఎక్కేదాకా దాచిపెట్టే చిన్న చిన్న గిడ్డంగులు అప్పటికే చాలా వచ్చాయి. మా పెట్టెలు వాటికి వెళ్లేవి. గది వేడెక్కితే తెర ఎర్రబడాలి, సైరన్ మోగాలి. మేం పడే పాట్లన్నీ ఆ ఒక్క సంగతి కోసమే.

ఓనరు ఆ ఊరివాడే. మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతూ ఈ పనిలోకి వచ్చాడు. అందరం ఆయనను అన్నా అనే పిలిచేవాళ్లం. బోర్డులు, తీగల పని వేరే ఇద్దరు చూసేవారు. ప్రోగ్రాములు రాసేది మాత్రం సారు, నేను, ఇద్దరమే.

సారు గుంటూరు వైపు మనిషి. హైదరాబాద్‌లో సగం జీవితం గడిపినా ఆయన మాట తీరు మారలేదు. నన్ను 'ఏమ్మా' అని పిలిచేవారు, ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. మా పెట్టె లోపల నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆయనొక్కరే, నేను రాకముందే, రెండేళ్లు కూర్చుని రాశారు. నేను మామిడిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటి మనిషిని. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్ అనే పాఠం పరీక్ష కోసం చదివానే తప్ప, దాన్ని సొంతంగా రాసిన మనిషిని చూడటం అదే మొదలు.

ఆయన నాకు నేర్పిన మొదటి విషయమే తర్వాత మా ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడింది. అందుకే అదేమిటో చెప్పాలి. మా పెట్టెలో పని రెండు చోట్ల జరుగుతుంది. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ గదిలోని వేడిని, తేమను కొలుస్తుంది. బయట తెర ప్రోగ్రామ్ ఆ అంకెలను తీసుకుని చూపిస్తుంది, వేడి హద్దు దాటితే సైరన్ మోగిస్తుంది. లోపలినుంచి బయటికి ఆ అంకెలు ఒక వరుసలో, గడులు గడులుగా వెళ్తాయి. మొదటి గడిలో గది నంబరు, రెండో గడిలో ఎన్ని డిగ్రీలు ఉందో, మూడో గడిలో తేమ, నాలుగో గడిలో తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది. ఏ గడిలో ఏముంటుందో చెప్పే ఆ రాతను స్ట్రక్చర్ అంటాం. దాన్ని రాసిపెట్టే చోటు హెడర్ ఫైలు. నడుస్తున్న యంత్రానికి గడి మీద పేరు కనిపించదు, ఎన్నో గడి అన్నదే తెలుసు. ఇచ్చేవాళ్లు ఒక వరుసలో ఇచ్చి, తీసుకునేవాళ్లు ఇంకో వరుస అనుకుంటే యంత్రం ఏ తప్పూ చూపించదు. తేమను తీసి తలుపు అనుకుంటుంది, అంతే.

చేరిన కొత్తలో నేనొక స్ట్రక్చర్ రాసి, ఆపరేటింగ్ సిస్టమ్ సొంత హెడర్ ఫైలులో పెట్టాను. సారు చూసి అడిగారు.

"ఏమ్మా, ఇది ఎవరెవరికి కావాలి?"

"లోపల మనకు కావాలి సార్. బయట తెరకు కూడా."

"మరి లోపలివాళ్ల ఫైలులో పెడితే తెర ప్రోగ్రామ్ ఎలా తీసుకుంటుంది? మన తాళాలు, మన క్యూలు, మన సొంత గొడవంతా దాని నెత్తిన పడుతుంది. పోనీ తెర ఫైలులో పెడితే, ఆపరేటింగ్ సిస్టమ్ వెళ్లి తెరను అడగాలి. అదీ బాగోదు."

అప్పుడు ఆయన కామన్ అనే ఫోల్డరు చూపించారు. రెండు వైపులా కావలసినవి మాత్రమే అందులో ఉండాలి. ఒక్కొక్కటి ఒక్కసారే రాయాలి. కొత్త గడి వస్తే చివర చేర్చాలి, మధ్యలో దూర్చకూడదు. ఎవరూ దాన్ని కాపీ చేసుకుని తమ దగ్గర పెట్టుకోకూడదు. ఈ నాలుగు మాటలూ నా చేత నోట్‌బుక్కులో రాయించారు. నాకు అప్పట్లో అది చాదస్తంలా అనిపించింది.

ఆయన కళ్ల సంగతి మూడు నాలుగు నెలలకు తెలిసింది. టీ గ్లాసు పెట్టేముందు బల్లను చేత్తో తడిమి చూసుకునేవారు. ఒకరోజు మెట్ల దగ్గర ఎవరో ఆపిన బండికి తగిలి పడ్డారు. లేపి కూర్చోబెడితే, కాసేపటికి తనే చెప్పారు.

"నీటికాసులమ్మా. చూపు పక్కల నుంచి ముడుచుకుంటూ వస్తోంది. ఎదురుగా ఇంత మేర కనిపిస్తుంది." అరచేతిని సున్నాలా చుట్టి చూపించారు. "ఒక్కో మాటే కనిపిస్తుంది, లైనంతా కనిపించదు. ఇంకో రెండేళ్లు పనిచేస్తే చాలు. అన్నకు చెప్పకు."

చెప్పనన్నాను. ఆ మర్నాటి నుంచి నేను ఆయనకు ప్రోగ్రాములు చదివి వినిపించడం మొదలుపెట్టాను. పదకొండింటికి టీ అయ్యాక ఇద్దరం వెనక వరండాలో కూర్చునేవాళ్లం. నేను ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో లైనూ చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మొదట్లో ప్రతి సెమీకోలన్‌నూ పలికేదాన్ని. "అవన్నీ అనకమ్మా. అక్కడ కాస్త ఊపిరి తీసుకో, నాకు తెలుస్తుంది" అన్నారు. విమానం కిందికి దిగుతూ నెత్తిమీదుగా వెళ్తే ఆగేవాళ్లం. చప్పుడు పోయాక ఆయనే ఆగిన మాట అందించేవారు. నేను చదివిన పేరును ఇరవై నిమిషాల తర్వాత గుర్తుపెట్టుకుని, "ఇందాక దీన్ని ఇంకోలా రాశావు కదూ" అని పట్టుకునేవారు. నేను రాసింది ఏదైనా సరే, ఆయన విని సరే అంటేనే పెట్టెలోకి వెళ్లేది. అన్న మాత్రం సారు స్వయంగా చదివి చూస్తున్నారనే అనుకునేవాడు.

ఆ ఏడాదే కొత్వాల్‌గూడ దగ్గర ఒక కొత్త గిడ్డంగి వాళ్లకు మా పెట్టె చూపించాల్సి వచ్చింది. తెర ప్రోగ్రామ్‌ను కొత్తగా నేనే రాశాను. ఆ పూట సారు కళ్లాసుపత్రికి వెళ్లారు, చదివి వినిపించడం మర్నాటికి పెట్టుకున్నాం. కామన్ ఫోల్డరులోని ఫైలును తెర ప్రోగ్రామ్‌లో చేర్చగానే తప్పుల పట్టీ తెర నిండా పారింది. కారణం నాకు వెంటనే తెలిసింది. అంతకు ముందు నెల ఆ కామన్ ఫైలులో నేనే ఒక లైను రాశాను. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ఫైలునొకదాన్ని వెంట లాక్కొస్తోంది. ఆ లైను తీసేసి రెంటినీ విడదీయడమే సరైన పని. అలా చేస్తే లోపల నాలుగు ఫైళ్లు మారతాయి, మళ్లీ అన్నీ పరీక్షించాలి. కనీసం రెండు రోజులు పడుతుంది.

కింది నుంచి అన్న కేకేశాడు. "బండి వచ్చింది. అయిందా లేదా? వాళ్లు ఎదురుసూస్తున్నరు."

"అయిపోయింది అన్నా, వస్తున్న."

కామన్ ఫైలులోని ఆ స్ట్రక్చర్‌ను కాపీ చేసి, పేరు కొంచెం మార్చి, తెర ప్రోగ్రామ్ ఫైలు అడుగున అతికించాను. ఐదు లైన్లు. తప్పులన్నీ మాయమయ్యాయి. కొత్వాల్‌గూడలో పెట్టె చక్కగా పనిచేసింది. వచ్చే దారిలో అన్న మాకు మిర్చి బజ్జీలు తినిపించాడు.

మర్నాడు పదకొండింటికి వరండాలో సారుకు ఆ ఫైలు చదివి వినిపించాలి. ఆ వారమే ఆయన నా ఎదురుగా అన్నతో, "ఈ అమ్మాయి ఉండగా నాకు దిగులు లేదండీ" అన్నారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ ఐదు లైన్లు చదివితే ఆయన తిట్టరని తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి మళ్లీ చేయిస్తారు, అంతే. ఆ మాత్రానికే నాకు ముఖం చెల్లలేదు. సోమవారం ఎలాగూ తీసేస్తాను కదా అనుకున్నాను. సగం దాకా చదివాను. అక్కడికి రంగులు, అక్షరాల సైజులు మొదలయ్యాయి. విమానం వెళ్లింది. ఆగాను.

"ఇంకా ఏముందమ్మా?"

"అంతే సార్. కింద కూడా రంగులే."

"సరే, పెట్టేయ్."

సోమవారం ఇంకో పని వచ్చింది. ఆ తర్వాత సారే ఒకరోజు కామన్ ఫైలు చదివించుకుని, నేను రాసిన ఆ లైను దగ్గర ఆపి, రెంటినీ ఎలా విడదీయాలో చెప్పి నాచేత చేయించారు. అప్పటికి నా ఐదు లైన్లకు అవసరమే లేదు. తీసేస్తే ఐదు నిమిషాల పని. తెర ప్రోగ్రామ్ ఫైలు తెరవనే లేదు. క్రమంగా అవి ఉన్నాయన్న సంగతే మనసులోంచి జారిపోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. గిడ్డంగుల వాళ్లు వారానికొకసారి కాగితం మీద లెక్క కావాలన్నారు. గదికి ఎన్ని డిగ్రీలు సెట్ చేశారో, నిజంగా ఎన్ని ఉన్నాయో పక్కపక్కన అచ్చయి రావాలి. దానికోసం చిన్న ప్రోగ్రామ్ వేరేగా రాశాను. కామన్ ఫైలులోని స్ట్రక్చర్‌లో కొత్త గడి ఒకటి చేర్చాను. వరండాలో చదివాను.

"గది నంబరు. సెట్ చేసిన డిగ్రీలు. ఉన్న డిగ్రీలు. తేమ. తలుపు."

సారు చెయ్యెత్తారు. "కొత్తది మధ్యలో పెట్టావేం? చివర పెట్టమన్నాను కదా."

"రెండు డిగ్రీలూ పక్కపక్కన ఉంటే చదవడానికి బాగుంటుందని సార్. అందరూ ఈ ఒక్క ఫైలు నుంచే తీసుకుంటున్నారు కదా. అన్నీ మళ్లీ కంపైల్ చేసి పెట్టెల్లో ఎక్కిస్తే సరిపోతుంది."

"అందరూనా?"

"అందరూ సార్."

ఆ క్షణంలో నాకు ఆ ఐదు లైన్లు గుర్తున్నాయా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. గుర్తు లేవనే అనుకుంటాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో ఏదో కలుక్కుమంది. అదేమిటో వెతకడానికి ఆగలేదు. పరీక్షల్లోనూ ఏమీ బయటపడలేదు. ఆఫీసులోని చిన్న ఫ్రిజ్‌ను నాలుగు డిగ్రీలకు పెట్టి చూసేవాళ్లం. అది ఎప్పుడూ నాలుగు దగ్గరే ఉండేది. తెర నాలుగు చూపించేది. పక్కనున్న తేమ, తలుపు గడులను ఎవరూ చూడలేదు. అందరం సరే అనుకున్నాం.

మే నెలలో ఒక శనివారం పొద్దున, నేను ఆఫీసుకు వచ్చేసరికి కొత్వాల్‌గూడ గిడ్డంగి మేనేజరు, ఆయన పక్కన ఒక పెద్దావిడ అన్న గదిలో కూర్చుని ఉన్నారు. ఆవిడ మంఖాల్‌లో ప్లాస్టిక్ కప్పుతో పాలీహౌస్ వేసి గులాబీలు పెంచుతుంది. గురువారం పూలు కోసి గిడ్డంగిలో పెట్టింది. ఆ మధ్యాహ్నమే గదిని చల్లబరిచే కంప్రెసర్ ఆగిపోయింది. తెర మాత్రం రెండు రోజులూ నాలుగు డిగ్రీలనే చూపించింది. సైరన్ మోగలేదు. శనివారం విమానం ఎక్కిద్దామని తలుపు తీస్తే లోపల పొయ్యింటి లాగ ఉందట. ఆవిడవే కాదు, ఇంకో ఇద్దరు రైతుల పూలు కూడా పోయాయి.

ఆవిడ న్యూస్‌పేపరులో చుట్టిన కట్టొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పగానే రెక్కలు రాలి కీబోర్డు మీద పడ్డాయి. అంచులన్నీ గోధుమరంగుకు తిరిగాయి.

"నాలుగే సూపెట్టింది బిడ్డా. నిన్న పొద్దుగూకేముందు గూడ వచ్చి సూసిన. నాలుగు ఉందంటే ఇగ తలుపెందుకు తీస్త? తీస్తే చల్లదనం పోతదని మీరే చెప్తిరి."

నేను కీబోర్డు మీది రెక్కలు ఏరాను. అన్న వాళ్లతో మాట్లాడి పంపించాడు. ఆ నష్టం సంగతి ఆయనే చూసుకున్నాడు. సారు నన్ను వరండాలోకి పిలిచారు.

"ఈ వారం కాగితం తెప్పించావా? చదువు."

చదివాను. గురువారం పొద్దున, సెట్ చేసింది నాలుగు, ఉన్నది నాలుగు. సాయంత్రం, సెట్ చేసింది నాలుగు, ఉన్నది పదకొండు. శుక్రవారం పొద్దున, సెట్ చేసింది నాలుగు, ఉన్నది పంతొమ్మిది.

ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "కాగితానికి తెలిసింది తెరకు తెలియలేదు. తెర రెండో గడే చూస్తోంది. రెండో గడిలో ఇప్పుడున్నది సెట్ చేసిన డిగ్రీలు. గది ఎంత వేడెక్కినా అది నాలుగే అంటుంది. తెర దగ్గర పాత స్ట్రక్చర్ ఇంకా ఉందమ్మా. తెర ప్రోగ్రామ్ ఫైలు తియ్యి. అడుగు నుంచి చదువు."

తీశాను. ఐదు లైన్లూ చదివాను.

"ఇది ఎప్పటిది?"

"మొదట కొత్వాల్‌గూడలో చూపించామే, అప్పటిది సార్."

సారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "అప్పుడు నువ్వు నాకు చదివే ఉంటావు."

చెప్పడానికి అదే సమయం. ల్యాప్‌టాప్ మూసేశాను.

"చదివే ఉంటావు. నాకే చెవికెక్కలేదు. మొన్న కూడా అందరూనా అని నిన్ను అడిగాను. నాకు గుర్తుండాల్సిన సంగతి నిన్ను అడిగాను చూడు. కళ్లు పోతున్నాయంటే సరిపెట్టుకున్నాను. విన్నది కూడా నిలవకపోతే ఇక నేనెందుకమ్మా?"

లేచి, గోడ పట్టుకుని, అన్న గదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నాకు ఏడాదిగా చూపు లేదండీ. అమ్మాయి చదివితే విని సరే అంటున్నాను. ఈ తప్పు నా ముందు నుంచే వెళ్లింది, నేను పట్టుకోలేదు" అన్నారు సారు.

అన్న కుర్చీలోంచి లేచాడు. "కండ్లు కనవడ్తలేవా సారూ? ఇన్ని రోజులసంది ఒక్క మాట చెప్పలే?"

"చెప్పాల్సింది. తప్పు నాదే."

అన్న నా వైపు తిరిగాడు. "రాసింది నువ్వేనా?"

"నేనే రాసిన అన్నా."

"సారుకు సదివి ఇనిపిచ్చినవా?"

నేను తల వంచుకున్నాను. సారే జవాబిచ్చారు. "వినిపించింది."

ఆ నెలాఖరుకు ఆయన మానేశారు. అన్న ఉండమనే అన్నాడు కానీ గట్టిగా అనలేదు. నేను ఆ ఐదు లైన్లు తీసేశాను. తెర ప్రోగ్రామ్ కామన్ ఫైలునే తీసుకునేట్టు చేశాను. రెండు వైపులా గడుల కొలత ఒకటి కాకపోతే పెట్టె అసలు మొదలే కాకుండా ఒక పరీక్ష పెట్టాను. మా పెట్టెలున్న ప్రతి గిడ్డంగికీ వెళ్లి నా చేత్తోనే మార్చి వచ్చాను. ఆ పని అయ్యాక మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. పదకొండింటికి వరండాలోకి వెళ్లడం మానేశాను.

ఒక ఆదివారం పొద్దున కంచంలో అన్నం కలిపి అలాగే కూర్చున్నానట. అమ్మ అడిగింది. అంతా చెప్పాను. స్ట్రక్చర్లు, ఫైళ్లు ఆమెకు తెలియవు. కానీ ఏం జరిగిందో తెలిసిపోయింది.

"అంటే నువ్వు సదవలే. ఆయన సదివినవ్ అనుకుంటున్నడు."

"ఊ."

"లే. చెయ్యి కడుక్కొని పో. ఆయన ఇంట్ల కూసొని ఏమనుకుంట పరేషాన్ అయితున్నడో."

సారు వాళ్ల ఫ్లాటు రాజేంద్రనగర్ వైపు. ఆయన భార్య తలుపు తీశారు. "రామ్మా, ఎన్నాళ్లకు వచ్చావు" అంటూ ముందు గదిలో కూర్చోబెట్టారు. సారు స్నానం చేస్తున్నారు. బల్ల మీద రేడియో ఉంది. ఆవిడ దాన్ని చూపిస్తూ గొంతు తగ్గించి చెప్పారు.

"రోజూ పొద్దున వార్తలు విని, రేడియో కట్టేసి, విన్నదంతా వరసగా నాకు అప్పజెబుతున్నారమ్మా. ఏదైనా తప్పిపోతే ఆ పూట అన్నం సరిగ్గా తినరు. చెవుల డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాను, ఏమీ లేదన్నాడు. అయినా నమ్మరు. చెవో, బుర్రో, రెంట్లో ఏదో పోయిందంటారు."

సారు వచ్చి కూర్చున్నారు. నా గొంతు విని నవ్వారు. పెట్టెలు ఎలా ఉన్నాయని అడిగారు. ఆయన ఇంకో మాట అడిగేలోపే చెప్పేశాను.

"సార్, ఆ ఐదు లైన్లు నేను మీకు చదవలేదు. కావాలనే వదిలేశాను. కింద ఉన్నవి రంగులేనని అబద్ధం చెప్పాను."

ఆయన చెయ్యి చాచి, బల్ల మీది రేడియోను తడిమి పక్కకు జరిపారు. వంటింటి గుమ్మంలో ఆవిడ ఆగిపోయారు.

"అంతే సార్, కింద కూడా రంగులే, అన్నావు" అన్నారు. "విమానం వెళ్లాక అన్నావు. నేను ఇంకా ఏముందని అడిగితే అన్నావు."

"అవును సార్."

"ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఈ రెండు నెలలూ అదే తిప్పి తిప్పి చూసుకున్నాను. నువ్వు చదివి ఉంటావు, చదవకుండా ఉండవు, కాబట్టి నాకు గుర్తున్నదే తప్పు అనుకున్నాను. నా జ్ఞాపకం చెడిపోయి, లేని మాట కల్పించుకుంటోందనుకున్నాను." ఆగారు. "నువ్వు అలా చేస్తావన్నది మాత్రం ఒక్కసారీ తట్టలేదమ్మా."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ అనుకోలేదు.

కాసేపటికి అడిగారు. "అవి తీసేశావా?"

"తీసేశాను సార్. కామన్ ఫైలుకే కలిపాను. కొలత పరీక్ష కూడా పెట్టాను."

"అన్నకు చెప్పావా?"

"లేదు."

"రేపు చెప్పు. నా గురించి కాదు, నీతో పనిచేసేవాళ్లకు తెలియాలి." తర్వాత, అదే గొంతుతో, "ఇక కొన్నాళ్లు ఇటు రాకమ్మా" అన్నారు.

ఆవిడ నాతో లిఫ్టు దాకా వచ్చారు. తలుపు మూసుకునేముందు నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు.

మర్నాడు అన్నకు చెప్పాను. ఆయన విని చాలాసేపు బల్ల మీద స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ దొర్లించాడు.

"సారును పంపిచ్చినంక చెప్తున్నవ్. గప్పుడే చెప్తే ఆ మనిషి పోతుండెనా?"

"పోకపోతుండె అన్నా."

"నిన్ను గూడ పంపియ్యాలె ఇయ్యాల. ఇంకో మనిషి లేడు, గంతే." అని, ఆ వెంటనే బండి తాళాలు తీసుకున్నాడు. ముందు సారు ఇంటికి వెళ్లి రమ్మని బతిమాలాడు. సారు రానన్నారు. తర్వాత నన్ను ఎక్కించుకుని మంఖాల్ వెళ్లాడు.

ఆ పూల రైతు ఆవిడ పాలీహౌస్‌లో గులాబీలు కోస్తోంది. అన్న గేటు దగ్గరే ఆగిపోయి, నువ్వే చెప్పుకో పో అన్నట్టు చూశాడు. లోపల ఉక్కగా ఉంది. ఆవిడ వెనకే నడుస్తూ చెప్పాను. యంత్రం చెడిపోలేదని, నేను రాసిన రాతే తప్పని, అది తెలిసీ దాచానని.

"ఆనాడు నా ఎదురుంగనే కూసున్నవ్ గద. గప్పుడు ఎందుకు చెప్పలే?"

"గప్పటికి ఎరుక లేదు అవ్వా. ఎరుకైనంక భయమైంది."

ఆవిడ ఒక కాడ కోసి, ముళ్లు చూసుకుని, చేతిలోని కట్టలో చేర్చింది. "మూన్నెల్లు సాకిన తోట. పూలన్నీ కుప్పవోసి తగలవెట్టినం. నీకు ఎరుక లేదు గది." ఇంకో కాడ కోసింది. "ఇప్పుడు నీ తెర ఏమన్న సూపెట్టనీ, నేను దినాం తలుపు తీసి చెయ్యి వెట్టి సూస్త."

"గట్లనే సూడు అవ్వా" అన్నాను. ఆవిడ కొన్ని నీళ్లిచ్చింది, తాగి వచ్చేశాను. క్షమించానని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు.

ఆరు నెలలు సారు దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. చలికాలం ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆయనే. పలకరింపులేమీ లేకుండా మొదలుపెట్టారు. తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నారట. మొదట్లో అది బ్రాకెట్లన్నీ పలుకుతూ, ఒకటే పరుగుగా చదివి తల తిప్పేసేదట. ఇప్పుడు దాని వేగం అలవాటైందట.

"మనిషి చదివినంత బాగుండదు" అన్నారు. "కానీ ఒక్క చుక్క కూడా వదలదు."

ఆయన ఆ మాటను అక్కడే వదిలేసి, కామన్ ఫోల్డరులో ఇప్పుడేముందో పంపమన్నారు. పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. అందులో ఒక స్ట్రక్చర్ బయట ఎవరికీ అక్కర్లేదని, లోపలికి తీసుకెళ్లి పెట్టమని. ఆయన చెప్పింది నిజమే. మార్చాను. అన్నకు చెబితే ఆయనే ఫోన్ చేసి మాట్లాడాడు. అప్పటినుంచి సారు ఇంట్లో కూర్చునే మా పని చూస్తున్నారు. ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్లం నలుగురం. ఎవరు ఏది రాసినా ఆయన విని సరే అనాలి. నాతో ఆయన మునుపటిలా మాట్లాడరు. పని గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, 'ఏమ్మా' అనే పిలుస్తారు. కానీ ప్రతిసారీ చివర్లో, చెప్పిందే ఇంకోలా మళ్లీ అడుగుతారు. నేనూ మళ్లీ మొదటి నుంచి చెబుతాను. అది నాకు కష్టంగా తోచదు. అంతమాత్రం మిగలడమే ఎక్కువ అనిపిస్తుంది.

మొన్న తలుపు ఎంతసేపు తెరిచి ఉందో కొలిచే గడి ఒకటి కొత్తగా కావలసి వచ్చింది. కామన్ ఫైలులో చివర చేర్చి, ఆయనకు పంపి ఫోన్ చేశాను. అంతా విన్నాక అడిగారు.

"మామిడిపల్లి దగ్గరి గిడ్డంగిలో పాత పెట్టె ఒకటి ఉండాలి. దాంట్లో ఏ వెర్షన్ నడుస్తోంది?"

మార్చినట్టే గుర్తు. అదే చెబుదామని నోటిదాకా వచ్చింది.

"తెలియదు సార్. వెళ్లి చూసి చెబుతాను."

"సరే. చూసి చెప్పు."

స్కూటీ తీసుకుని బయల్దేరాను. నేను వెళ్లేసరికి గిడ్డంగి ముందు బొప్పాయి పెట్టెలు దింపుతున్నారు. ఆ సందడి తగ్గేదాకా పక్కన నిలబడి, లోపలికి వెళ్లి, పెట్టె మూత విప్పి, ల్యాప్‌టాప్ తగిలించి చూశాను. కొత్త వెర్షనే ఉంది. మూత బిగించి, బయటికి వచ్చి, ఆయనకు ఫోన్ చేశాను.